నలుగురం సినిమాకు వెళ్తే రెండు వేలా?

హైదరాబాద్‌లో నిన్న మల్టీప్లెక్స్‌కు వెళ్లాం. నాలుగు టికెట్లు 1,180, పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు 890. అమ్మ సంచిలోని జంతికల పొట్లం తలుపు దగ్గరే ఆపేశారు. విశ్రాంతి దాకా ఆవిడ బెంగంతా హీరో మీద కాదు, ఆ పొట్లం మీదే! వినోదానికి మీరు నెలకు ఎంత తీసిపెడతారు?

జవాబు 1: బయటి తిండిని ఆపే హక్కు హాలువాళ్లకు ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. కానీ తాగునీరు ఉచితంగా ఇవ్వాలి. పసిపిల్లల ఆహారాన్నీ అడ్డుకోకూడదు.

జవాబు 2: మాకు నెలకు వెయ్యి, అంతే. పాత హాలుకే వెళ్తాం. వంద రూపాయల లోపు టికెట్‌పై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, పైన 18.

అడిగినవారు: ఉచిత నీళ్లా! సీసా 60కి కొన్నాను. జంతికలు మాత్రం పార్కింగ్‌లోనే, బండి తీయకముందే ఖాళీ.