అడుగు పలక అతుక్కి ఎపాక్సీయా, పాలీయురేథేన్ జిగురా?

ప్రశ్న
మా చిన్న చెక్క పడవ అడుగున మూరెడు మేర ప్లైవుడ్ పుచ్చిపోయింది. అంతవరకు కోసేసి కొత్త ముక్కను స్కార్ఫ్ అతుకుతో (రెండు అంచులనూ వాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి అతికించేది) కలపాలనుకుంటున్నాను. పలక మందం 6 మి.మీ., దానికి ఎనిమిదింతలు లెక్కేసి 48 మి.మీ. వాలు చెక్కాను. ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అని రెండు డబ్బాలు కలిపి వాడే జిగురు) తప్ప ఏదీ పనికిరాదని ఒకరు, పాలీయురేథేన్ జిగురు చాలని ఇంకొకరు. దాని డబ్బా మీదైతే వాటర్‌ప్రూఫ్ అనే రాసి ఉంది. ఏది వాడమంటారు?

జవాబు 1
పాలీయురేథేన్ వాడండి. చెక్కలోని తేమతోనే గట్టిపడుతుంది, రెండు డబ్బాలు కొలిచి కలిపే పని లేదు. నా తెడ్లు, కూర్చునే పలకలు దానితోనే అతికించాను, ఒక్కటీ ఊడలేదు. ఎపాక్సీ వల్ల నాకు చేతులంతా దద్దుర్లు వచ్చాయి. అది ఒకసారి పడకుండా పోయిందంటే, తర్వాత చుక్క తగిలినా మళ్లీ మొదలవుతుంది. దాన్ని అందరికీ సలహా ఇచ్చేవాళ్లు ఈ మాట ఎందుకు చెప్పరు?

జవాబు 2
దద్దుర్ల సంగతి నిజం. గ్లోవ్స్ లేకుండా ఎపాక్సీ ముట్టుకోకూడదు. కానీ తెడ్డుకూ అడుగు పలకకూ పోలిక లేదండీ. తెడ్డుని బల్ల మీద పెట్టి నాలుగు క్లాంపులతో బిగించగలం, సందు మిగలదు. పడవ అడుగున క్లాంపు మధ్యదాకా అందదు. సందు ఉన్నచోట పాలీయురేథేన్ నురగలా పొంగి నిండినట్టే కనిపిస్తుంది, ఆ నురగకి బలం ఉండదు. నేను విప్పిన ఒక పాత అతుకులో గోటితో గీరితే పసుపు పొడిలా రాలింది. బయటి నుంచి చూస్తే గీత చక్కగానే ఉంది!

ఎపాక్సీకి సందు ఇబ్బంది కాదు, గట్టి ఒత్తిడీ అక్కర్లేదు. అతిగా బిగిస్తేనే జిగురంతా బయటికి కారిపోయి అతుకు బలహీనపడుతుంది. ముందు రెండు వాలులకూ పల్చటి రెజిన్ పూసి పీల్చుకోనివ్వండి, లేకపోతే కోసిన అంచులు జిగురంతా తాగేస్తాయి. తర్వాత సిలికా పొడి కలిపి, చెంచా నుంచి జారనంత చిక్కగా చేసి పట్టించండి. చెక్క బాగా ఆరి ఉండాలి. ఇంకొకటి, త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోయకండి. హార్డెనర్ పెంచితే త్వరగా గట్టిపడే పాలిస్టర్ రెజిన్‌కు అలవాటుపడ్డవాళ్లు చేసే తప్పు ఇదే. ఎపాక్సీలో రెండూ లెక్క ప్రకారం కలవాలి, తేడా వస్తే ఎన్నాళ్లైనా మెత్తగానే ఉండిపోతుంది.

జవాబు 3
నేనూ ఎపాక్సీ వైపే, కాకపోతే పడవంతా దానితో నింపేయకండి. రేపు విప్పాల్సిన కొక్కేలు, బిగింపుల కింద నీళ్లు దూరకుండా సందు మూసే, సాగే పాలీసల్ఫైడ్ సీలెంట్ వేసుకోండి (యాక్రిలిక్ కిటికీలకు మాత్రం వద్దు, ఆ ప్లాస్టిక్‌ను పాడు చేస్తుంది). సిలికాన్ సీలెంట్ జోలికి అసలు పోకండి, అది తగిలినచోట తర్వాత పెయింటూ జిగురూ నిలవవు. ఎపాక్సీ ఆరాక పైన మైనంలాంటి జిడ్డు తేలితే ముందు నీళ్లతో రుద్ది కడగండి. కడక్కుండా సాండ్‌పేపర్ పడితే ఆ జిడ్డు ఇంకా లోపలికి పూసుకుంటుంది. ఎండ తగిలే చోట పైన పెయింటో వార్నిషో తప్పదు.

జవాబు 1
నా తెడ్లలో సందులు లేవు, అది ఒప్పుకుంటాను. కానీ బిగుతుగా కుదిరే అతుక్కి పాలీయురేథేన్ పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను.

ప్రశ్న అడిగినవారు
మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో నాలుగు అతుకులు వేసి చూశాను. రెండు జిగుర్లతోనూ ఒకటి బిగుతుగా, ఒకటి మిల్లీమీటరు సందుతో. వారం ఆరబెట్టి, వారం నీళ్లలో నానేసి, చేత్తో విరిచాను. బిగుతు అతుకులు రెండింట్లోనూ చెక్కే చిరిగింది, జిగురు గీత కదల్లేదు. సందు ఉన్నవాటిలో ఎపాక్సీది మళ్లీ చెక్క దగ్గరే విరిగింది, పాలీయురేథేన్‌ది నురగ మధ్యలో రెండుగా విడిపోయింది. నా పడవ అడుగున ఆ సందు తప్పేలా లేదు. గ్లోవ్స్ తెచ్చుకున్నాను, రేపు ఎపాక్సీతోనే అతికిస్తున్నాను.