వ్యూఫైండర్ మసకబారింది, ఫొటోలు మాత్రం బాగానే వస్తున్నాయి

ప్రశ్న

నేను 12 ఏళ్లుగా వాడుతున్న డీఎస్ఎల్ఆర్ కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో వారం రోజులుగా దృశ్యం పలుచని పొగ కమ్మినట్లు కనిపిస్తోంది. ఫోకస్ పాయింట్ల గుర్తులు కూడా మాయమయ్యాయి. అయితే అడుగున కనిపించే షట్టర్ వేగం, అపర్చర్ (లెన్స్ రంధ్రం) అంకెలు యథాప్రకారం వెలుగుతున్నాయి. వెనుక తెర మీద చూసే లైవ్ వ్యూలో గాని, తీసిన ఫొటోల్లో గాని ఏ లోపమూ లేదు. ఐపీస్ తుడిచి, కంటి చూపుకు తగ్గట్టు సరిచేసే డయాప్టర్ చక్రాన్ని రెండు వైపులా తిప్పి చూసినా ప్రయోజనం లేకపోయింది. రెండు మూడు సార్లు మాత్రం కెమెరాను గట్టిగా పట్టుకున్నప్పుడు క్షణకాలం స్పష్టంగా కనిపించి, మళ్లీ మసకబారింది. వ్యూఫైండర్ లోపలి గాజు పట్టకమైన పెంటాప్రిజంలో ఫంగస్ చేరిందేమోనని నా అనుమానం. దీనికి కెమెరా విప్పించక తప్పదా?

జవాబు 1

లెన్స్ నుంచి వచ్చే వెలుతురు అద్దం మీద పడి, దృశ్యం ప్రతిబింబం పడే ఫోకసింగ్ స్క్రీన్, పెంటాప్రిజంల మీదుగా మీ కంటికి చేరుతుంది. ఫొటో తీసేటప్పుడు అద్దం పైకి లేస్తుంది కనుక ఆ దారిలోని దుమ్ముగాని, మసకగాని సెన్సార్ దాకా రావు. ఒకసారి లెన్స్ మార్చి చూడండి. స్క్రీన్ మీద దుమ్ము కనిపిస్తే చేతి బ్లోయర్‌తో ఊదండి, అంతకు మించి ఏమీ చేయవద్దు. అద్దానికి పూత పైముఖం మీదే ఉంటుంది, స్క్రీన్ మెత్తని ప్లాస్టిక్. రెంటి మీదా గుడ్డ పెడితే పడిన గీత ఇక పోదు.

జవాబు 2

ఫంగస్ అయితే గట్టిగా పట్టుకున్నంత మాత్రాన క్షణంసేపు మాయమై తిరిగి రాదు. మీరు మోడల్ చెప్పలేదు గాని, నికాన్ డి90, క్యానన్ 7డి వంటి కెమెరాల్లో ఫోకస్ పాయింట్లనూ గ్రిడ్ గీతలనూ చూపడానికి వ్యూఫైండర్ దారిలో పారదర్శకమైన ఎల్‌సీడీ పొర ఒకటి ఉంటుంది. దానికి స్వల్పంగా విద్యుత్తు అందుతున్నంత సేపే అది తేటగా ఉంటుంది, కెమెరా ఆఫ్‌లో ఉన్నా సరే. బ్యాటరీ తీసేస్తే మసకబారడం దాని స్వభావమే. కొత్త కెమెరా కొన్నవారు ఇది చూసి కంగారుపడటం మామూలే.

బ్యాటరీ తీసి ఒక నిమిషం ఆగి చూడండి. మసక ఏమాత్రమూ పెరగకపోతే ఆ పొరకు బ్యాటరీ ఉన్నప్పుడు కూడా విద్యుత్తు అందడం లేదని భావించవచ్చు. అడుగున అంకెలు వెలుగుతున్నాయి కనుక బ్యాటరీ మీద అనుమానం అక్కరలేదు. ఆ అంకెలది వేరే డిస్‌ప్లే. పొరకు వెళ్లే రిబ్బన్ కేబుల్ వదులై ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్లే చేశాను. బ్యాటరీ ఉన్నా, తీసినా మసకలో రవ్వంత తేడా లేదు. కెమెరా పైన పెంటాప్రిజం ఉన్న ఉబ్బు పక్కన బొటనవేలితో నొక్కితే ఫోకస్ గుర్తులతో సహా అంతా తేటపడుతోంది. పై కవర్ నేనే విప్పవచ్చా?

జవాబు 2

వద్దు. లోపల ఫ్లాష్ కోసం విద్యుత్తు నిల్వ చేసే కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసినా ఆ ఛార్జ్ వెంటనే పోదు. చేయి తిరిగిన మెకానిక్‌కే అప్పగించి, నొక్కితే తేటపడే చోటు చూపించండి. లోపం దొరకడానికి పట్టే సమయంలో సగం అక్కడే ఆదా అవుతుంది.

జవాబు 3

కెమెరా తిరిగి తీసుకునేటప్పుడు ఒకటి పరీక్షించండి. మరమ్మతులో ఫోకసింగ్ స్క్రీన్‌ను కదిలించి, దాని ఎత్తు సరిచేసే పలుచని రేకైన షిమ్‌ను సరిగా అమర్చకపోతే వ్యూఫైండర్‌లో పదునుగా కనిపించినది ఫొటోలో పదునుగా రాదు. ఆటోఫోకస్ సెన్సార్ అద్దం పెట్టె అడుగున ఉంటుంది కనుక ఆటోఫోకస్‌తో తీస్తే ఈ తప్పు బయటపడదు. ఏటవాలుగా పెట్టిన స్కేలు మీద ఒక గీతకు, అపర్చర్ పూర్తిగా తెరిచి, మాన్యువల్ ఫోకస్ చేసి ఫొటో తీయండి. మీరు ఎంచుకున్న గీత కాకుండా పక్క గీత పదునుగా వస్తే కెమెరాను అక్కడే తిరిగి ఇచ్చేయండి.