లోమో సాల్తాదో మామూలు గ్యాస్ పొయ్యి మీద కుదురుతుందా?

వంశధార_ఒడ్డు:
మాది నరసన్నపేట. మా ఆయన ఓడలో చేస్తారు. పెరూలో కాయావో రేవుకి వెళ్లినప్పుడల్లా లోమో సాల్తాదో తింటారట, ఇంటికి ఫోన్ చేసినా దాని ముచ్చటే. గొడ్డుమాంసం, ఉల్లిపాయ, టమాటా సోయా సాస్‌తో పెద్ద మంట మీద వేయించి, బంగాళాదుంప వేపుడు కలిపి, పక్కన అన్నం పెడతారు. ఈసారి సైన్ ఆఫ్ అయి, అంటే ఓడ డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి నేనే చేసి పెట్టాలని ఉంది. ఇక్కడ దొరికేది గేదె మాంసం, కాస్త ముదురే. పొయ్యి రెండు బర్నర్లది. అక్కడి పసుపు మిరపకాయ అహీ అమరీయో మనకి లేదు. పులుసులా కాకుండా వేపుడులా రావాలంటే ఏం చెయ్యాలండీ?

బారువ_వంటవాడు:
చెల్లెమ్మా, నేనూ ఓడలో చీఫ్ కుక్‌నే. మంట చాలదని బెంగ పెట్టుకోకు. ముందు తడి సంగతి చూడు. కడిగిన మాంసం అలాగే వేస్తే నీరు ఊరి ఉడుకుతుంది తప్ప వేగదు. పొడిగుడ్డతో గట్టిగా ఒత్తి తుడు. అరకేజీని మూడు వాయిలు చెయ్యి. ఇనప మూకుడు సన్నగా పొగ వచ్చేదాకా కాగాలి, నాన్‌స్టిక్ వద్దే వద్దు. ముక్కలు ఎడంగా పరిచి నిమిషం పాటు గరిటె పెట్టకు. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, అర నిమిషానికి పళ్లెంలోకి తీసెయ్. మూకుడు మళ్లీ కాగాకే రెండో వాయి.

కొట్టులో అండర్‌కట్, అంటే వెన్ను కింది మెత్తటి మాంసం అడుగు. లేదంటే పీచుకి అడ్డంగా, వేలెడు మందాన కోయించు. అరకేజీకి అర చెంచా వంటసోడా పట్టించి, పావుగంటయ్యాక శుభ్రంగా కడిగి ఆరబెడితే మెత్తబడుతుంది. పచ్చి బొప్పాయి కాస్త ఎక్కువసేపుంటే ముక్క పిండైపోతుంది, నేను వాడను.

మాంసం తీశాక అదే మూకుట్లో వెల్లుల్లి, మిరపకాయ, నిలువుగా లావుగా తరిగిన ఉల్లిపాయ. అర నిమిషానికి మాంసం వేసి, సోయా సాస్, వెనిగర్ చెరో రెండు చెంచాలు మూకుడు అంచు వెంబడి పొయ్యి. చుయ్‌మని పొంగి ఆ వాసనంతా ముక్కకి పడుతుంది. గింజలు తీసిన టమాటా చెక్కలు ఆఖర్న వేసి, ఒక్క తిప్పు తిప్పి కొత్తిమీరతో దించెయ్. ఉల్లిపాయ కొరికితే కరకరమనాలి.

బొబ్బిలి_మాస్టారు:
ఆ సోయా సాస్ వెనక పెద్ద కథే ఉందమ్మా. 1849 నుంచి 1874 దాకా లక్షమంది దాకా చైనా కూలీలు ఒప్పందాల మీద పెరూ వెళ్లారు. ఎక్కువమంది దక్షిణ చైనాలోని కాంటన్ వైపు వాళ్లే. చెరకు, పత్తి తోటల్లో, గువానో, అంటే పక్షుల రెట్ట ఎరువు తవ్వే దీవుల్లో నానా చాకిరీ చేశారు. మన జిల్లాల వాళ్లు రంగూన్, మారిషస్ వెళ్లినట్టే. గడువు తీరాక చాలామంది పెరూ రాజధాని లిమాలో పూటకూళ్లు పెట్టుకున్నారు. వాళ్ల మూకుడు, అక్కడి దుంప, అక్కడి మిరప కలిసి ఈ వంట. అందుకే ఒకే పళ్లెంలో దుంపా, అన్నమూ. మిరపకాయకైతే పండుమిరపకాయ గింజలు తీసి, పసుపు కాప్సికమ్ ముక్కతో నూరి చూడు. అహీ అమరీయోలో కారంతోపాటు పండు వాసన ఉంటుంది, ఉత్త పచ్చిమిర్చితో అది రాదు.

వంశధార_ఒడ్డు:
చాలా థాంక్స్ అన్నయ్యా, మాస్టారూ. మా అత్తగారు గొడ్డుమాంసం ముట్టరు. ఆవిడకి చికెన్‌తో చెయ్యొచ్చా? దుంపలు ఎప్పుడు కలపాలి?

బారువ_వంటవాడు:
నిక్షేపంలా చెయ్యొచ్చు. అక్కడా కోడితో చేస్తారు, పోయో సాల్తాదో అంటారు. ఎముక లేని తొడ మాంసం తీసుకో, సోడా అక్కర్లేదు. కానీ కోడి పూర్తిగా ఉడకాలి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచు. ఆవిడది వేరే మూకుట్లో ముందే చేసెయ్. దుంపలు అందరూ కూర్చున్నాకే వేయించి, వడ్డించేటప్పుడు కలుపు. ముందే కలిపితే రసం పీల్చుకుని మెత్తబడిపోతాయి.