నెల రోజులకే తల్లి నుంచి వేరైన కుక్కపిల్ల: మీ అనుభవాలు చెప్పండి

మల్లెతీగ: మా పప్పీని 30 రోజులకే ఇచ్చేశారు. ‘పళ్ళొచ్చాయి, అన్నం తింటోంది, ఇంకా తల్లితో పనేముందమ్మా’ అన్నాడు అమ్మినాయన. ఇప్పుడు దానికి ఏడాది. నేను చెప్పులేసుకుంటే చాలు, వణుకు మొదలు. నా పాత చున్నీ అంచు నోట్లో పెట్టుకుని, ముందుకాళ్ళతో నొక్కుతూ పాలు తాగినట్టే చప్పరిస్తుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పెద్దయ్యాక కూడా ఇలాగే ఉంటుందా?

గోదారిగట్టు: మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదండీ. అడిగేవాళ్ళు లేక ఇచ్చేస్తున్నారు.

పశువైద్య విద్యార్థి: అక్కా, పాలు ఒక్కటే కాదు, తల్లి నాకడం కూడా పిల్లకు అవసరమే. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మైకేల్ మీనీ బృందం ఎలుకల్లో ఇదే చూసింది. తల్లి బాగా నాకిన పిల్లల మెదడులో, హిప్పోక్యాంపస్ అనే భాగంలో, స్ట్రెస్ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఎక్కువ. ‘ఇక చాలు’ అని టెన్షన్‌ను ఆపే బ్రేకులు అవే. తల్లి తక్కువ నాకిన పిల్లల్లో ఆ గ్రాహకం జన్యువు మీద మిథైల్ గుర్తులు (జన్యువును అణిచే రసాయన ముద్రలు) పడి, అది సరిగా పనిచేయదని 2004లో చూపించారు. ఆ పిల్లల్నే పుట్టగానే బాగా నాకే తల్లి దగ్గర వేస్తే, పెంచిన తల్లి పోలికే వచ్చింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే విషయం ఇది.

పాడి రైతు: మా దగ్గర ఒక దూడ తల్లి చచ్చిపోయింది. సీసాతో పాలు పట్టాం, కడుపు నిండేది. అయినా రాత్రంతా కట్టుగుంజను చీకుతూనే ఉండేది. ఇంకో దూడను తోడు కట్టాకే నిమ్మళించింది, మేత కూడా పట్టింది.

మల్లెతీగ: అయితే ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా తమ్ముడూ?

పశువైద్య విద్యార్థి: ఉంది. రోజూ తల్లి నుంచి 3 గంటలు వేరుచేసిన ఎలుక పిల్లల్ని, తర్వాత తోడు, ఆటవస్తువులు ఉన్న పెద్ద బోనులో పెంచారు. మెదడులో భయానికి సంబంధించిన మార్పు అలాగే మిగిలింది, కానీ బెదురు తగ్గింది. మీరు ముందు చెప్పులేసుకుని బయటికి వెళ్ళకుండా కూర్చోండి. అది కుదుటపడ్డాకే గడప దాటండి.

మల్లెతీగ: మూడు రోజులుగా అదే చేస్తున్నా. నిన్న చెప్పుల చప్పుడుకి తలెత్తి చూసింది, వణకలేదు. చున్నీ మాత్రం వదల్లేదు. దాన్ని లాక్కోబుద్ధి కాలేదు.