లిలియన్ హార్వే సినిమాలు: ఒకే కథ మూడు భాషల్లో ఎలా తీశారు?

ప్రశ్న
1931లో వచ్చిన జర్మన్ సినిమా 'డేర్ కాంగ్రెస్ టాన్స్ట్' ప్రింట్లు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే హీరోలు వేరు, హీరోయిన్ మాత్రం లిలియన్ హార్వేనే. పెదవుల కదలిక కూడా తేడాగా ఉంది కాబట్టి డబ్బింగ్ కాదనిపిస్తోంది. దాన్ని తీసిన జర్మనీ కంపెనీ ఊఫా ఒకే సినిమాను మళ్లీ మళ్లీ తీసేదా? సౌండ్ పోయిన కాపీ ఏ భాషదో పోల్చుకోవడమెలా? 1933 తర్వాత ఆమె కెరీర్ ఎందుకు దిగజారింది?

జవాబు 1
డబ్బింగ్ కాదు, విడిగా తీసినవే. మూకీల రోజుల్లో టైటిల్ కార్డులు మారిస్తే సినిమా ఏ దేశంలోనైనా ఆడేది. మాటలు రాగానే ఆ సౌకర్యం పోయింది. ఒకసారి రికార్డయిన శబ్దాన్ని మరో ఫిల్మ్ మీదికి ఎక్కిస్తే గరగర పెరిగి మాట మసకబారేది, అందుకే తర్వాత గొంతు కలపడం అంత తేలిక కాదు. సెట్టు, దుస్తులు, లైట్లు అలాగే ఉంచి, జర్మన్ షాట్ ఓకే అయ్యాక ఫ్రెంచి, ఇంగ్లీషు నటులతో అదే షాట్ తీసేవాళ్లు. మాటల్లేని దూరపు షాట్లు, జనం షాట్లు అన్నిటికీ పనికొచ్చేవి. క్లోజప్పులు మాత్రం ఏ భాషకా భాషే. ఒక్కో భాషలో వాక్యం పొడవు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఎడిటింగ్ కూడా వేరుగానే చేయాలి.

హార్వే విలువంతా ఇక్కడే ఉంది. 1906లో లండన్‌లో జర్మన్ తండ్రికి, ఇంగ్లీషు తల్లికి పుట్టింది, ఫ్రెంచి కూడా వచ్చు, నాట్యం నేర్చుకుంది. మూడు వెర్షన్లలోనూ ఆమే ఉందంటే, జర్మన్ హీరో ఒక్కసారి చేసే సన్నివేశాన్ని ఆమె అదే హుషారుతో మూడుసార్లు చేయాలి. గుర్రపుబండి పాట చూడండి: కెమెరా బండితోపాటే సాగిపోతుంటుంది, ఆమె ముఖంలో అలసట జాడ ఉండదు.

జవాబు 2
కెరీర్ సంగతి. 1933లో ఆమె హాలీవుడ్ వెళ్లి ఫాక్స్‌కు 'మై వీక్‌నెస్', 'మై లిప్స్ బిట్రే', 'ఐ యామ్ సుజాన్' చేసింది. అక్కడ ఇంగ్లీషు ఒక్కటీ చాలు, మూడు భాషలు వచ్చినందువల్ల ఒరిగేదేమీ లేదు. దెబ్బ అక్కడే తగిలిందని నా గట్టి నమ్మకం. అదే ఏడాది మార్చిలో ఊఫా తన యూదు ఉద్యోగులను తొలగించింది. నిర్మాత ఎరిక్ పొమ్మర్, స్వరకర్త వెర్నర్ రిచర్డ్ హైమాన్ దేశం విడిచారు. 1935లో ఆమె తిరిగొచ్చేసరికి హీరో విల్లీ ఫ్రిట్ష్ ఉన్నాడు గానీ, ఆ బృందం లేదు. 'గ్లూక్స్‌కిండర్' (1936) మాత్రం తప్పక చూడండి. నాజీల చేతికి చిక్కిన నృత్యదర్శకుడు యెన్స్ కైట్‌కు పూచీ డబ్బు కట్టి విడిపించిందీ ఆమే. 1939లో జర్మనీ వదిలి ఫ్రాన్స్ చేరింది, 1943లో ఆమె పౌరసత్వం రద్దు చేశారు.

జవాబు 3
'డేర్ కాంగ్రెస్ టాన్స్ట్' కాపీ పోల్చుకోవడానికి అందులోని రష్యా జార్ చక్రవర్తి, ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ పాత్రలు ఎవరు వేశారో చూడండి. హార్వేనూ మరో నటి లిల్ డాగోవర్‌నూ చూసి ఏమీ తేల్చలేరు, ఇద్దరూ మూడింటిలోనూ ఉన్నారు. జార్‌గా ఫ్రిట్ష్ ఉంటే జర్మన్. జార్‌గా ఆన్రీ గారా ఉండి, మెటర్నిక్‌గా కాన్రాడ్ ఫైట్ కనిపిస్తే ఇంగ్లీషు. గారాతో మెటర్నిక్‌గా పియెర్ మాన్యే ఉంటే ఫ్రెంచి.

అన్ని సినిమాలకూ మూడు వెర్షన్లు లేవు. 'డీ డ్రై ఫాన్ డేర్ టాంక్‌స్టెలె' (1930) జర్మన్, ఫ్రెంచిల్లోనే తీశారు. అందులో ముగ్గురు మిత్రుల్లో హైన్స్ ర్యూమాన్ ఉంటే జర్మన్, రెనె లెఫెవ్ర్ ఉంటే ఫ్రెంచి.