కార్లోవీ వారీ బుగ్గనీటి చికిత్సకు బీమా చెల్లించడం న్యాయమేనా?

జలరేఖ: చెక్ దేశపు కార్లోవీ వారీలో, వైద్యుడు సిఫారసు చేసిన రోగులకు వేడినీటి బుగ్గల చికిత్స ఖర్చును ప్రజా ఆరోగ్య బీమా భరిస్తుంది. ఇది సమంజసమేనా?

సందేహి: కాదు. 14వ శతాబ్దపు చక్రవర్తి నాలుగవ చార్లెస్ వేటకు వెళ్లినప్పుడు బుగ్గ బయటపడిందన్న కట్టుకథ మీద నిలిచిన ఊరు అది.

పాతపుట: వేట కథను పక్కన పెట్టండి. 1370లో చార్లెస్ ఆ ఊరికి పట్టణ హక్కులిచ్చిన మాట చరిత్రే. గంటల తరబడి వేడినీటిలో నానబెట్టడమే వైద్యమనుకునే కాలంలో, 1522లో వైద్యుడు వాక్లావ్ పాయెర్ ఆ నీటిని తాగమని కూడా రాశాడు; 18వ శతాబ్దంలో మరో వైద్యుడు డేవిడ్ బెఖెర్ నీటిని రసాయనికంగా పరీక్షించి, బుగ్గ దగ్గరే తాగుతూ నడవాలన్నాడు. నేటికీ అక్కడి వైద్యులు ఏ బుగ్గనీరు ఎంత తాగాలో రోగిని బట్టి నిర్ణయిస్తారు.

సందేహి: వేట కథకు ఆధారం ఉందా లేదా?

తుంగభద్ర: సుమారు 73 డిగ్రీల సెల్సియస్ వేడితో అక్కడి వ్రీడ్లో అనే బుగ్గ ఎగజిమ్మడానికి ఏ రాజు కథా అక్కరలేదు.

పాతపుట: ఆ నీటిలోని సోడియం సల్ఫేట్ పేగుల్లో నీటిని నిలిపి విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది, బైకార్బనేట్ జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఇందులో మాయ ఏముంది?

సందేహి: విరేచనకారి మందుల దుకాణంలోనూ దొరుకుతుంది. అక్కడికి వెళ్లినవారికి పథ్యం, నడక, విశ్రాంతి కూడా దొరుకుతున్నప్పుడు, మేలు నీటిదేనని ఎలా చెబుతారు? మా నాన్నగారికి పిత్తాశయంలో రాళ్లుంటే, ఖనిజజలంతో కరుగుతాయని ఒక చికిత్సాకేంద్రం వారు నమ్మబలికారు. శస్త్రచికిత్స ఆలస్యమై ఆయన ప్రాణం మీదికి వచ్చింది. మీకు అది పాత పుస్తకాల ముచ్చట, మాకు కాదు!

పాతపుట: ఆ కేంద్రం చేసింది ఘోరం. కానీ ఆ కోపంతో, ఏళ్ల తరబడి జీర్ణకోశ వ్యాధితో బాధపడుతూ అక్కడ కొంత ఉపశమనం పొందే పేదరోగికి బీమా ఆపేస్తే, బుగ్గల దగ్గరి ఆ స్తంభాల మండపాల్లో డబ్బున్న విహారయాత్రికులే మిగులుతారు. వ్యాధి నయం కాకపోయినా, బాధ తగ్గించడం వైద్యం కాదంటారా?

సందేహి: అననండి. రాళ్లున్నవారిని ముందుగా శస్త్రవైద్యుడు చూడాలన్న నియమం లేకుండా ప్రజల డబ్బు పెట్టకూడదన్నదే నా పట్టుదల.

పాతపుట: ఆ నియమం ఉండవలసిందే. అయితే శస్త్రచికిత్స అయినవారికి కూడా మూడు వారాల బస బీమా ఖర్చుతోనే సాగాలి. పథ్యం, నడక, నీరు కలిసిన ఆ క్రమాన్ని విడదీసి, నీటికి మాత్రమే లెక్కకట్టడానికి నేను ఒప్పుకోను.