గోదావరి ముఖద్వారం దగ్గర నాచు పెంచితే కార్బన్ దాగుతుందా?

ఉప్పుగాలి:
మా ఊరికి ఒకాయన వచ్చి, సముద్రపు నాచు కార్బన్‌ను పీల్చుకుంటుందని, దాన్ని లోతు సముద్రంలో ముంచితే కార్బన్ క్రెడిట్ల (గాలిలో కార్బన్ తగ్గించినందుకు కంపెనీలు కొనే పత్రాల) డబ్బు వస్తుందని చెప్పి వెళ్లాడు. వేట నిషేధం రెండు నెలలూ పని ఉండదు కదా, కుర్రాళ్లు ఆశపడుతున్నారు. నమ్మొచ్చా అండీ?

లంకగట్టు:
ఎందుకు నమ్మకూడదు? 2016లో శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలోని నాచులన్నీ ఏటా సుమారు 17.3 కోట్ల టన్నుల కార్బన్‌ను దాస్తున్నాయి. ఎరువు అక్కర్లేదు, మంచినీళ్లు అక్కర్లేదు. రొయ్యల చెరువుల కంటే వెయ్యి రెట్లు నయం.

కోరంగి పడవ:
లంకగట్టు గారూ, ఆ అంచనా తనంతట తాను పెరిగే నాచుది. అది ఎక్కువగా రాళ్లను పట్టుకుని పెరుగుతుంది. మన డెల్టా అంతా బురద, ఇసుక.

టన్ను పచ్చి నాచు ఎండితే మిగిలేది 100 కిలోలు. అందులో కార్బన్ పాతిక, ముప్పై కిలోలు. తమిళనాడులో రామనాథపురం వైపు వెదురు తెప్పల మీద పెంచే కప్పాఫైకస్ అనే నాచును అమ్మితే దాని జిగురు ఐస్‌క్రీముల్లోకి పోతుంది, కార్బన్ మళ్లీ గాలిలోకే వస్తుంది. ముంచేస్తే అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. పైగా బంగాళాఖాతం మధ్య లోతుల్లో ఆక్సిజన్ ఇప్పటికే చాలా తక్కువ. నాచు కుళ్లితే ఉన్నది కూడా పోతుంది.

అన్నిటికన్నా వరద సంగతి చూడండి. ఆ నాచుకు లీటరు నీటిలో 30 గ్రాముల దాకా ఉప్పు కావాలి. జులై నుంచి ఎర్రనీరు దిగితే ముఖద్వారం దగ్గర నీళ్లు చప్పబడిపోతాయి, చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు. ఎండ, ఉప్పు రెండూ అందని నాచు తెల్లబడి, తాళ్ల నుంచి ముక్కలుగా ఊడిపోతుంది.

కార్బన్ దాచే పని కోరంగి మడ అడవి ఎప్పటినుంచో చేస్తోంది. గాలి ఆడని బురదలో వేళ్లు, ఆకులు త్వరగా కుళ్లవు. ఉన్న మడను నరకనివ్వకుండా కాపాడే పనికి మన కుర్రాళ్లకు కూలి ఇమ్మని అడుగుదాం. నా పట్టుదల అదే.

లంకగట్టు:
మడ మాట ఒప్పుకుంటాను. కానీ నాచును దాణాలో కలిపితే పశువులు వదిలే మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. అది లాభం కాదా?

కోరంగి పడవ:
లాభమే, కానీ అది ఆస్పరాగోప్సిస్ అనే వేరే ఎర్రనాచు. తెప్పల మీద పెంచే రకం కాదు.

ఉప్పుగాలి:
మరి కుర్రాళ్లకు ఏం చెప్పమంటారు?

కోరంగి పడవ:
కొనేవాళ్లు ఖాయమైతే, వరద పోయాక ముఖద్వారానికి దూరంగా, అలలు తక్కువున్న చోట నాలుగు తెప్పలు వేసి చూడమనండి. క్రెడిట్ల కాగితం మీద సంతకం అడిగితే మాత్రం, తుపానుకు తెప్పలు కొట్టుకుపోతే నష్టం ఎవరిదో ముందు రాసిమ్మనండి.